ఇళ్లు కావాలి, మా వీధిలో మాత్రం వద్దు

పోయిన సంచికలో ఒకరు "అద్దెలు తగ్గాలంటే ప్రభుత్వం ఏం చేయాలి?" అని అడిగితే, "ఇళ్లు ఎక్కువ కట్టాలి, కట్టేవాళ్లను కట్టనివ్వాలి" అని ఒక్క ముక్కలో తేల్చేసి పక్క ప్రశ్నకు వెళ్లిపోయాను. ఆ ఒక్క ముక్కకి వచ్చినన్ని ఉత్తరాలు ఈ శీర్షికకి ఈ మధ్యకాలంలో రాలేదు. కొందరు మెచ్చుకున్నారు, ఎక్కువమంది చీవాట్లు పెట్టారు. ఒకాయన నాలుగు పేజీలు రాసి, చివర్లో "ఇదంతా చదివే ఓపిక మీకు ఉండదని తెలుసు" అన్నారు. చదివానండీ, నాలుగు పేజీలూ చదివాను. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఇళ్ల గొడవకే.

ప్ర: ఏ దేశం వార్తలు చూసినా ప్రతి పార్టీ లక్షల ఇళ్లు కడతామనే అంటుంది. ఇళ్లు వద్దన్న పార్టీని నేనింతవరకు చూడలేదు. అందరూ కావాలనే అంటుంటే మరి ఈ కొట్లాట దేనికి? (ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు)

జ: మాస్టారూ, అంకె దగ్గర ఎవరికీ పేచీ లేదు. ఆ అంకెను మ్యాప్ మీద పెట్టి ఫలానా ఊళ్లో, ఫలానా పొలంలో, ఫలానా వీధి చివర అనగానే మొదలవుతుంది.

బ్రిటన్ సంగతే చూడండి. 2019 ఎన్నికల్లో కన్జర్వేటివ్ పార్టీ ఏడాదికి 3 లక్షల ఇళ్ల స్థాయికి వెళ్తామని మేనిఫెస్టోలో రాసి, మంచి మెజారిటీతో గెలిచింది. మాట నిలబెట్టుకోవాలంటే అనుమతుల విధానం మార్చాలి కదా, ఆ పని మొదలుపెట్టారు. అంతలో 2021 జూన్‌లో లండన్ శివార్లలోని చెషమ్ అండ్ అమెర్షమ్‌లో ఉప ఎన్నిక వచ్చింది. 1974లో ఆ స్థానం ఏర్పడినప్పటి నుంచీ వాళ్లదే. చుట్టూ పచ్చటి కొండలు, ఖరీదైన ఇళ్లు, వాటిలో పెద్దవయసు ఓటర్లు. లిబరల్ డెమొక్రాట్లు వెళ్లి, మీ పచ్చదనం మీద కాంక్రీటు పోస్తారట చూసుకోండి అని ఇంటింటికీ తిరిగి చెప్పారు. సీటు ఎగిరిపోయింది. ఓటమికి కారణాలు ఇంకా ఉన్నాయి గానీ పార్టీలో అందరి వేళ్లూ ఇళ్ల అనుమతుల వైపే చూపించాయి. ఆ సంస్కరణ అటకెక్కింది. 2022 డిసెంబరుకల్లా సొంత పార్టీ ఎంపీలే తిరగబడటంతో స్థానిక కౌన్సిళ్లకు పెట్టిన ఇళ్ల లక్ష్యాలను "సూచన మాత్రమే" అనే స్థాయికి దించేశారు. 2024లో లేబర్ పార్టీ ఐదేళ్లలో 15 లక్షల ఇళ్లు అని చెప్పి గెలిచి, ఆ డిసెంబరులోనే లక్ష్యాలను మళ్లీ తప్పనిసరి చేసింది. ఇక ఇప్పుడు వాళ్ల వంతు తిట్లు.

ఇందులో ఎవరినో దుర్మార్గులని అనడానికి లేదు మాస్టారూ. ఆ ఊళ్లో ఇప్పటికే ఇల్లున్నవాళ్లకి ఆ ఊళ్లో ఓటు ఉంది. రేపు కట్టబోయే ఇంట్లోకి రావాల్సినవాళ్లు ఇవాళ ఇంకెక్కడో ఇరుకు గదిలోనో, అమ్మానాన్నల ఇంట్లోనో ఉన్నారు. ఆ ఊరి ఓటర్ల జాబితాలో వాళ్ల పేరే లేదు. కౌన్సిల్ సమావేశానికి వచ్చి గట్టిగా అరిచేవాళ్లు ఎప్పుడూ మొదటి రకమే. రెండో రకం వాళ్లకి అలాంటి సమావేశం ఒకటి జరుగుతోందని కూడా తెలియదు.

ప్ర: లక్ష్యం పెట్టుకున్నాక కూడా కట్టలేకపోవడం అధికారుల బద్ధకం కాదా?

జ: బద్ధకం లేదనను. కానీ ప్రభుత్వం జేబులో మేస్త్రీలు ఉండరు, సిమెంటూ ఉండదు. జర్మనీలో 2021లో వచ్చిన కూటమి ఏడాదికి 4 లక్షల ఇళ్లు అంది. ఆ తర్వాత ఉక్రెయిన్ యుద్ధం వచ్చింది, సామాను ధరలు పెరిగాయి, వడ్డీలు పెరిగాయి. 2022లో, 2023లో 3 లక్షల లోపే ఆగిపోయారు. 2024లో రెండున్నర లక్షల దగ్గరికి పడిపోయింది. అనుమతి కాగితం చేతిలో ఉన్న బిల్డర్ కూడా ఈ వడ్డీకి అప్పు తెచ్చి కడితే మిగిలేదేమిటని కూర్చుండిపోతే, మంత్రిగారు చేయగలిగింది చాలా తక్కువ.

న్యూజిలాండ్ కథ ఇంకా అన్యాయం. అక్కడ 'కివీబిల్డ్' అని 2018లో ఆర్భాటంగా మొదలుపెట్టారు, పదేళ్లలో లక్ష ఇళ్లు. జనం పెద్దగా అడగని చోట కొన్ని కట్టారు. అవి అమ్ముడుపోక చివరికి మామూలు మార్కెట్లో ఎవరైనా కొనుక్కోండి అని పెట్టాల్సి వచ్చింది. 2019 సెప్టెంబరులో ఆ లక్ష అంకెనే తీసేశారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే.

అన్న మాట చెల్లించుకున్నవాళ్లూ ఉన్నారు. 1951లో బ్రిటన్ కన్జర్వేటివ్‌లు ఏడాదికి 3 లక్షలు అన్నారు. ఇళ్ల శాఖ హెరాల్డ్ మాక్‌మిలన్ చేతికి వచ్చింది, 1953లోనే ఆ అంకె దాటించారు. ఎక్కువ భాగం కట్టింది స్థానిక కౌన్సిళ్లే. అయితే తొందరలో ఇంటి కొలతలు కుదించారు, గదులు చిన్నవయ్యాయి. ఆయన ఆ తర్వాత ప్రధాని అయ్యాడు, ఆ చిన్న గదుల్లో ఇప్పటికీ మనుషులున్నారు.

ప్ర: అడ్డుపడేవాళ్లను మీరు స్వార్థపరులన్నట్టు రాశారు. చెట్లు, నీళ్లు, ట్రాఫిక్, వీటి గురించి ఆలోచించడం స్వార్థమా? (ఒక గృహిణి)

జ: అమ్మా, నేను ఆ మాట వాడలేదు గానీ మీకు అలా వినిపించిందంటే తప్పు నాదే. చెట్ల గురించి, డ్రైనేజీ గురించి అడగడం న్యాయం. నీళ్లు రాని చోట 200 ఫ్లాట్లు కట్టి తాళాలిచ్చేస్తే ఆ తర్వాత ఏడ్చేది అందులోకి వచ్చినవాళ్లే. అసలు చిక్కు ఏమిటంటే, నిజమైన అభ్యంతరానికీ సాకుకీ కాగితం మీద ఒకే భాష ఉంటుంది.

ఒక సాకు చెబుతాను, నవ్వొద్దు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2021లో ఒక చట్టం చేసింది. ఒకే ఇల్లు ఉండాల్సిన స్థలాన్ని రెండుగా విడగొట్టుకోవచ్చు, జంట ఇళ్లు కట్టుకోవచ్చు, స్థానిక మున్సిపాలిటీ కాదనకూడదు అని. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. సిలికాన్ వ్యాలీలో వుడ్‌సైడ్ అని డబ్బున్నవాళ్ల ఊరొకటి ఉంది. ఆ చట్టంలో, రక్షిత జంతువులు తిరిగే చోట ఇది వర్తించదని ఒక మినహాయింపు కనిపించింది వాళ్లకి. అంతే, ఊరు ఊరంతా పర్వత సింహాల (ప్యూమాల) ఆవాసమని ప్రకటించేశారు! అంటే భవంతి కట్టుకోవడానికి, ఈత కొలను తవ్వుకోవడానికి సింహానికి అభ్యంతరం లేదు, రెండో కుటుంబం వస్తేనే దానికి కోపం. రాష్ట్ర అటార్నీ జనరల్ ఇది చెల్లదని ఉత్తరం రాశాడు, ప్రపంచమంతా నవ్వింది, రోజుల్లోనే వెనక్కి తగ్గారు.

ఇంకోటి అదే రాష్ట్రంలో. బర్క్లీలో విశ్వవిద్యాలయం తన విద్యార్థుల కోసం సుమారు 1,100 మందికి సరిపోయే వసతి భవనం కడతానంటే, పర్యావరణ చట్టం కింద కోర్టుకెళ్లారు. విద్యార్థులు చేసే అల్లరి కూడా శబ్ద కాలుష్యమే, దాన్ని ముందుగా అంచనా వేయలేదు అన్నారు. 2023 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు ఆ వాదనతో ఏకీభవించింది కూడా. మనుషుల మాటల చప్పుడు కాలుష్యం కిందకి రాదని రాష్ట్రం ఆ ఏడాదే చట్టం మార్చాల్సి వచ్చింది, 2024లో పై కోర్టు విశ్వవిద్యాలయం వైపు తీర్పిచ్చింది. ఫ్యాక్టరీ పొగల్ని ఆపడానికి పనికొచ్చే చట్టం కుర్రాళ్ల పాటల మీదికి వచ్చిందన్నమాట.

కాబట్టి అమ్మా, మీ చెట్ల ప్రశ్న సరైనదే. కానీ ఒక పరీక్ష పెట్టుకోండి. మీరు అడిగినవన్నీ, చెట్లు, డ్రైనేజీ, పార్కింగ్, బడి, అన్నీ ఒప్పుకుంటే అప్పుడైనా ఆ భవనానికి సరే అంటారా? సరే అంటే మీది అభ్యంతరం. అప్పుడు ఇంకో కారణం వెతికితే, అది సింహం.

ప్ర: ఈ పార్టీలనీ బిల్డర్లనీ పక్కనపెట్టి సింగపూర్‌లా ప్రభుత్వమే కట్టి ఇచ్చేస్తే పీడా పోతుంది కదా! మీకెందుకు తట్టలేదు? (ఒక బ్యాంకు ఉద్యోగి)

జ: తట్టింది సార్, భయపడి రాయలేదు. ఎందుకంటే సింగపూర్ పేరెత్తిన ప్రతివాళ్లకీ ఆ ఫ్లాట్లు కనిపిస్తాయి గానీ వాటి కింద నేల ఎలా వచ్చిందో కనిపించదు.

అక్కడ హౌసింగ్ బోర్డు 1960 ఫిబ్రవరిలో మొదలైంది. అంతకు ముందున్న బ్రిటిష్ కాలపు సంస్థ 32 ఏళ్లలో కట్టింది 23 వేల ఇళ్లు, కొత్త బోర్డు మొదటి ఐదేళ్లలోనే 50 వేలకు పైగా కట్టింది. 1961 మేలో బుకిట్ హో స్వీ అనే మురికివాడ తగలబడి దాదాపు 16 వేల మంది రోడ్డున పడ్డారు. ఏడాది తిరక్కుండానే అదే చోట కొత్త ఫ్లాట్లలోకి కుటుంబాలు దిగడం మొదలైంది. ఇవాళ అక్కడ పదిమందిలో దాదాపు ఎనిమిది మంది బోర్డు ఫ్లాట్లలోనే ఉంటున్నారు, ఎక్కువమందికి అవి సొంతం. వింటుంటే ఎంత బాగుందో.

ఇప్పుడు కింద నేల సంగతి. 1966లో భూసేకరణ చట్టం తెచ్చారు. ప్రభుత్వం తీసుకుంటానంటే ఇవ్వాల్సిందే, ధర కూడా చాలాకాలం మార్కెట్ కంటే బాగా తక్కువే. అలా సేకరించి సేకరించి దాదాపు 90 శాతం నేల ప్రభుత్వం చేతిలో ఉంది. ఒకే పార్టీ దశాబ్దాలుగా అధికారంలో ఉంది కాబట్టి కోర్టు మెట్లెక్కి ఇరవై ఏళ్లు స్టే తెచ్చుకునే వీలు ఎవరికీ లేకపోయింది. ఆ పద్ధతిని వేరే చోట మొదలుపెట్టి చూడండి, మీరే జెండా పట్టుకుని రోడ్డెక్కుతారు. మీ పొలమే అయితే నేనూ వస్తాను పక్కన.

పైగా అక్కడ కూడా రాజకీయం లేదనుకోకండి. ఫ్లాటు సొంతం అంటారు గానీ అది 99 ఏళ్ల లీజు. పాతబడ్డవి ఇప్పుడు సగం వయసు దాటుతుంటే, గడువు తీరాక చేతికి సున్నాయేనా అని జనం అడుగుతున్నారు. 2011 ఎన్నికలకు ముందు కొత్త ఫ్లాట్లు తక్కువ కట్టడంతో ధరలు కొండెక్కాయి, కుర్రజంటలు ఏళ్ల తరబడి వరుసలో నిలబడ్డారు. ఆ ఎన్నికల్లో పాలక పార్టీ ఓట్ల వాటా 60.1 శాతానికి పడింది, స్వాతంత్ర్యం వచ్చాక అంత తక్కువ ఎన్నడూ లేదు. ఆ శాఖ మంత్రి పదవి వదులుకున్నాడు. కొత్తాయన వచ్చి ఏడాదికి పాతిక వేల ఫ్లాట్ల చొప్పున మొదలుపెట్టాడు. అంటే ప్రభుత్వమే బిల్డర్ అయితే, ఇల్లు దొరకనివాడి కోపం నేరుగా ప్రభుత్వం మీదికే వస్తుంది, మధ్యలో తిట్టడానికి ఇంకెవరూ ఉండరు. నాకైతే ఇది మంచిదే అనిపిస్తుంది.

ప్రజాస్వామ్యంలో, ఎన్నికలు గెలుస్తూ ఓడుతూ ప్రభుత్వ ఇళ్లు కట్టిన ఊరు కావాలంటే ఆస్ట్రియా రాజధాని వియన్నా వైపు చూడండి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడి సోషల్ డెమొక్రాట్లు 1923లో ఇళ్ల మీద పన్ను వేశారు. పెద్ద ఇంటివాడికి పెద్ద పన్ను, కార్లకీ ఇంట్లో పనివాళ్లకీ కూడా వేరే పన్నులు. ఆ డబ్బుతో పదేళ్లలో 60 వేలకు పైగా ఫ్లాట్లు కట్టారు. 1930లో తెరిచిన కార్ల్ మార్క్స్ హాఫ్ అనే భవనం కిలోమీటరుకు పైగా పొడవుంటుంది, లోపల స్నానశాలలు, బట్టలుతికే చోటు, పిల్లల బడి అన్నీ ఉండేవి. రాజకీయ విభేదం ఎంత దూరం వెళ్లిందంటే, 1934 ఫిబ్రవరిలో అంతర్యుద్ధం వచ్చినప్పుడు కేంద్ర ప్రభుత్వ సైన్యం అదే భవనం మీద ఫిరంగులు పేల్చింది. భవనం నిలబడింది. ఇప్పటికీ అందులో అద్దెకుంటున్నారు. ఆ ఊళ్లో సుమారు సగం మంది నగరపాలక ఇళ్లలోనో సబ్సిడీ ఇళ్లలోనో ఉంటారు, నగరానికి సొంతంగా రెండు లక్షలకు పైగా ఫ్లాట్లున్నాయి. కిటుకేమీ లేదు. వాళ్లు అమ్ముకోలేదు, అంతే.

ప్ర: అమ్ముకోవడం తప్పెలా అవుతుంది? ఉంటున్నవాడికే ఇల్లు సొంతం చేస్తే మంచిదే కదా?

జ: ఉంటున్నవాడికి చాలా మంచిది, ఆ తర్వాత రావాల్సినవాడి సంగతే. మార్గరెట్ థాచర్ ప్రభుత్వం 1980లో చట్టం చేసి, కౌన్సిల్ ఇళ్లలో ఉన్నవాళ్లు తగ్గింపు ధరకి కొనుక్కోవచ్చంది. ఇంగ్లండ్‌లోనే దాదాపు 20 లక్షల ఇళ్లు అలా అమ్ముడయ్యాయి. కూలిపని చేసుకునే కుటుంబాలకి జీవితంలో మొదటిసారి ఆస్తి అంటూ వచ్చింది, తలుపుకి తమకి నచ్చిన రంగు వేసుకున్నారు. ఆ సంతోషాన్ని నేను తక్కువ చేయను. కానీ వచ్చిన డబ్బుతో కౌన్సిళ్లు మళ్లీ ఇళ్లు కట్టడానికి కేంద్రం చేతులు కట్టేసింది. అలా అమ్మినవాటిలో చాలా ఇళ్లు చేతులు మారి మారి ప్రైవేటు అద్దెల్లోకి వచ్చాయి. పేదవాళ్లని అక్కడే పెట్టి ఆ అద్దెకి ప్రభుత్వమే సాయం చేస్తోంది, అంటే తను అమ్మిన ఇంటికి తనే అద్దె కడుతోంది. స్కాట్లండ్ 2016లో, వేల్స్ 2019లో ఈ అమ్మకాలు ఆపేశాయి. ఇంగ్లండ్ 2024లో తగ్గింపుకి బాగా కోత పెట్టింది.

ప్ర: మీరు బిల్డర్లకు కొమ్ముకాస్తున్నారు. కొత్తగా కట్టేవన్నీ డబ్బున్నవాళ్లకే. వాటివల్ల పేదవాడికి ఒరిగేదేమిటో చెప్పండి చూద్దాం! (నాలుగు పేజీలు రాసినాయన)

జ: అయ్యా, ముందు ఒక మాట. నాకు ఏ బిల్డరూ ఒక ఇటుక కూడా ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఈ శీర్షిక రాసుకుంటూ అద్దె ఇంట్లో ఎందుకుంటాను?

మీరన్నదాంట్లో సగం ఒప్పుకుంటాను. కొత్త ఇల్లు ఎప్పుడూ ఖరీదే. కానీ ఆ ఖరీదైన ఇల్లు కట్టకపోతే డబ్బున్నవాడు ఇంట్లోకి రాకుండా ఆగిపోడు, పాత ఇంటికి పోటీకొస్తాడు. అతని ముందు మనలాంటివాళ్లం నిలబడగలమా? కొత్తది కడితే అతను అటు వెళ్తాడు, అతను ఖాళీ చేసిన దాంట్లోకి ఇంకొకరు, వాళ్లు వదిలిన దాంట్లోకి మరొకరు. కొత్త పుస్తకాలు కొనేవాళ్లుంటేనే పాతవి సగం ధరకి దొరుకుతాయి కదా, అలాగ. టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో కొన్నేళ్లపాటు విపరీతంగా అపార్ట్‌మెంట్లు కట్టారు, 2022 తర్వాత అక్కడ అద్దెలు దిగాయి. ఇంటివాళ్లు నెల అద్దె మాఫీ అని బోర్డులు పెట్టుకునే రోజులొచ్చాయి. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నగరం 2016లో ఇళ్ల ప్రాంతాల్లో దాదాపు మూడొంతుల నేల మీద ఎక్కువ ఇళ్లు కట్టుకోవడానికి ఒకేసారి అనుమతించింది, నిర్మాణాలు ఒక్కసారిగా పెరిగాయి. దానివల్ల అద్దెలు పెరగాల్సినంత పెరగలేదని అక్కడి ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. ఆ లెక్క తప్పని వేరే ఆర్థికవేత్తలు వాదనకు దిగారు. ఇళ్లు మాత్రం లేచాయి, దానిమీద ఇద్దరికీ గొడవ లేదు.

ఇక మీరు చెప్పిన మిగతా సగం దగ్గరికి వస్తే, అక్కడ మీరే రైటు. నెలాఖరుకి చేతిలో ఏమీ మిగలని కుటుంబానికి మార్కెట్ ఎంత కట్టినా ఇల్లు అందదు, కనీసం బతికుండగా అందదు. ధర మరీ తగ్గితే బిల్డర్ కట్టడమే ఆపేస్తాడు. అందుకని అట్టడుగున ఉన్నవాళ్లకి ప్రభుత్వ ఇళ్లో, అద్దె సాయమో, ఏదో ఒకటి ఉండి తీరాలి. నా గొడవల్లా ఒక్కటే. ప్రభుత్వ ఇళ్లు ఉండాలని చెప్పి మార్కెట్ కట్టేవి ఆపడం, మార్కెట్ చాలని చెప్పి ప్రభుత్వ ఇళ్లు ఆపడం, రెండూ చేస్తున్నారు.

ప్ర: అంటే కట్టమనేది వామపక్షం, వద్దనేది మితవాదులు అనుకోవచ్చా? లేక తిరగేసి అనుకోవాలా? కన్ఫ్యూజన్‌గా ఉంది. (డిగ్రీ విద్యార్థి)

జ: నీకే కాదు నాన్నా, వాళ్లకీ కన్ఫ్యూజనే. ఆస్ట్రేలియా ప్రధాని ఆంథనీ అల్బనీజ్ స్వయంగా ప్రభుత్వ ఇంట్లో పెరిగినవాడు. ఆయన ప్రభుత్వం 2023లో వెయ్యి కోట్ల డాలర్ల నిధి పెట్టి, దాని రాబడితో ఐదేళ్లలో 30 వేల ప్రభుత్వ, చవక ఇళ్లు కడతామని బిల్లు తెచ్చింది. ఇది డబ్బు దండగ అని మితవాద కూటమి వ్యతిరేకించింది, సరే, వాళ్ల లెక్క అది. ఇది చాలదు, అద్దెలు కూడా స్తంభింపజేయాలి అని వామపక్షపు గ్రీన్స్ పార్టీ కూడా అడ్డం పడింది. ఎక్కువ కావాలనేవాళ్లూ అసలు వద్దనేవాళ్లూ సెనేట్‌లో ఒకే వైపు చేతులెత్తారు, నెలల తరబడి ఒక్క ఇల్లూ మొదలుకాలేదు. చివరికి అదనంగా 100 కోట్ల డాలర్లు రాబట్టుకుని సెప్టెంబరులో గ్రీన్స్ ఒప్పుకున్నారు. బేరం వల్ల లాభం వచ్చిందని వాళ్లంటారు, ఆలస్యం వల్ల నష్టం వచ్చిందని ప్రభుత్వం అంటుంది. 2025 ఎన్నికల్లో గ్రీన్స్ తరఫున ఆ పోరాటం నడిపిన ఎంపీ తన సీటు పోగొట్టుకున్నాడు. జనం ఏ వాదన నమ్మారో దాన్నిబట్టి నువ్వే తేల్చుకో. ఒక్క కారణంతో ఎవరూ ఓడిపోరు, అదీ గుర్తుంచుకో.

న్యూజిలాండ్‌లో ఇంకా విచిత్రం. 2021 అక్టోబరులో లేబర్ మంత్రి, ప్రతిపక్ష నేషనల్ పార్టీ నాయకురాలు పక్కపక్కన నిలబడి, పెద్ద నగరాల్లో ఒక స్థలంలో మూడంతస్తుల వరకూ మూడిళ్లు ప్రత్యేక ప్లానింగ్ అనుమతి లేకుండా కట్టుకోవచ్చు అని ప్రకటించారు. ఇక ఎవరు గెలిచినా ఇది మారదు అన్నారు. 2023 మేలో, ఎన్నికలు దగ్గరపడగానే, నేషనల్ పార్టీ ఆ మాట వెనక్కి తీసుకుంది. నాయకురాలు అప్పటికే మారిపోయింది, శివారు ఇళ్లవాళ్ల ఓట్లు మాత్రం మారలేదు.

బెర్లిన్ వాళ్లయితే ఒంటిచేత్తో రెండు వైపులా లాగారు. మూతపడిన టెంపెల్‌హాఫ్ విమానాశ్రయం 300 హెక్టార్ల ఖాళీ మైదానం, దాని అంచుల్లో కొన్ని వేల ఇళ్లు కడతామని నగరం అంటే 2014లో జనం ఓటేసి వద్దన్నారు. గాలిపటాలు ఎగరేసుకోవడానికి, సైకిళ్లు తొక్కుకోవడానికి మాకది కావాలి అన్నారు. ఆ తర్వాత అద్దెలు పెరిగాయి. 2020లో అద్దెలకు పరిమితి పెడుతూ నగరం చట్టం చేస్తే, ఉంటున్నవాళ్లకి ఊరట దొరికింది గానీ అద్దెకు ప్రకటించే ఇళ్లు బాగా తగ్గిపోయాయి, ఏడాది తర్వాత రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్నే కొట్టేసింది. 2021 సెప్టెంబరులో పెద్ద పెద్ద కంపెనీల ఇళ్లని ప్రభుత్వం స్వాధీనం చేసుకోవాలని సగానికి పైగా జనం ఓటేశారు. ఉన్న ఇళ్లు ఎవరి చేతిలో ఉండాలనే దానిమీద ఇంత చర్చ. కొత్తవి ఎక్కడ కట్టాలన్న దగ్గర మళ్లీ గాలిపటాలు.

ప్ర: తాళాలేసి ఉన్న ఇళ్లే బోలెడు. అవి పంచితే సరిపోదా?

జ: చూడటానికి అలాగే ఉంటుంది. భారత 2011 జనాభా లెక్కల్లో పట్టణాల్లో 1.1 కోట్ల ఇళ్లు ఖాళీగా తేలాయి, ఆ మరుసటి ఏడాదే నిపుణుల బృందం పట్టణాల్లో 1.88 కోట్ల ఇళ్లు తక్కువని చెప్పింది. రెండూ ఒకేసారి నిజమే. ఖాళీగా ఉన్నది ఒక రకం ఇల్లు, తక్కువైంది ఇంకో రకం. అద్దెకిస్తే ఖాళీ చేయరేమోనన్న భయంతో తాళం వేసినవీ ఉన్నాయి. జపాన్‌లో 2023 లెక్క ప్రకారం 90 లక్షల ఇళ్లు ఖాళీ. ముసలివాళ్లు పోయిన పల్లెల్లో అవి పాడుబడుతుంటే, టోక్యోలో ఏటా లక్షకు పైగా కొత్తవి మొదలవుతూనే ఉంటాయి. అక్కడ ఎక్కడ ఏం కట్టొచ్చో జాతీయ చట్టమే చెబుతుంది, వీధివాళ్లకి పెద్దగా వీటో ఉండదు. ఉద్యోగం ఉన్న చోట లేని ఇంటి తాళం చేతికిస్తే ఏం చేసుకుంటారు చెప్పండి.

ప్ర: ఇన్ని చెప్పారు కదా. మీ ఇంటి పక్కనే పెద్ద భవనం వస్తే మీరేం చేస్తారు? నిజం చెప్పాలి.

జ: వచ్చిందండీ. ఆరేళ్ల క్రితం మేముండే భవనం వెనక ఖాళీ స్థలంలో ఏడంతస్తులు వస్తాయని తెలిసి, ఒక ఆదివారం పొద్దున్న మా పైవాటా ఆయన కాగితం పట్టుకొచ్చారు. అందులో గాలి, వెలుతురు, నీళ్లు, పార్కింగ్, పక్షులు, అన్నీ రాశారు. పక్షులేమిటండీ అంటే, ఉండనివ్వండి పనికొస్తాయి అన్నారు. అద్దెకున్నవాడి సంతకం చెల్లుతుందో లేదో తెలియదు, అయినా పెన్ను తీసుకుని పెట్టేశాను. అప్పటికే ఈ శీర్షికలో రెండుసార్లు ఇళ్లు కట్టాలని రాసి ఉన్నాను. ఆయన అది చదివారు కూడా, సంతకం చూసి చిన్నగా నవ్వారు.

కాగితం ఏమైందో తెలియదు, భవనం మాత్రం లేచింది. మా వంటింటి కిటికీకి ఎండ పొద్దున్న పదింటికే పోతుంది, బట్టలు ఆరడానికి రెండు రోజులు. నీళ్ల ఇబ్బంది అంటారా, వాళ్లు రాకముందూ ఉంది, ఇప్పుడూ ఉంది. నాలుగో అంతస్తులో ఒక పాప సాయంత్రం పూట గట్టిగా ఎక్కాలు చదువుతుంది. పదమూడో ఎక్కంలో పదమూడు పదమూళ్లు దగ్గర రోజూ ఆగిపోతుంది. నేను కిటికీలోంచి నూట అరవై తొమ్మిది అని అందిస్తుంటాను.

(ఉత్తరాలు పంపేవాళ్లు దయచేసి రెండు పేజీలకు మించకుండా రాయండి. నాలుగు పేజీల ఆయనకు మాత్రం మినహాయింపు.)